రాంప్ ఎక్కగానే ఏసీ గాలి అద్దానికి మళ్లుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. శని, ఆదివారాల్లో మనవాళ్ల ఫంక్షన్లకు వంటలు చేసి పంపుతుంటాను. ట్రేలు తీసుకెళ్లడానికి 2002 మోడల్ ఫోర్డ్ ఈ-150 కార్గో వ్యాన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 5.4 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. పోయిన వేసవి నుంచి ఒక చిత్రమైన ఇబ్బంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ గాలి ముఖానికి బాగానే వస్తుంది. ఫ్రీవే రాంప్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కానా, ఎదురుగా ఉన్న వెంట్లలో గాలి ఆగిపోయి మొత్తం ముందు అద్దానికీ కాళ్ల దగ్గరికీ పోతుంది. కాలు తీస్తే మళ్లీ వస్తుంది. ఈ మధ్య ఇది మరీ ఎక్కువైంది, ఫ్రీవే మీద ఉన్నంతసేపూ అద్దానికే. డాష్‌బోర్డ్ వెనక సన్నగా గాలి పీల్చినట్టు చప్పుడు. అద్దం బయటివైపు మసక పడుతోంది. ఒక షాపులో గ్యాస్ తక్కువుందని పట్టారు, తేడా లేదు. ఇంకో షాపులో డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, వెయ్యి డాలర్లు దాటుతుంది అన్నారు. గుంటూరు నుంచి మా నాన్నగారేమో ‘ఇంకోసారి గ్యాస్ పట్టించి చూడమ్మా’ అంటున్నారు. మా ఆయనకు స్పానర్ పట్టడం వచ్చు. ఇంట్లో చేసుకోగలిగే పనేనా ఇది?
– ఒక సోదరి, కేటీ, టెక్సస్

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. ‘కాలు తీస్తే మళ్లీ వస్తుంది’ అని రాశారు కదా, ఆ ఒక్క మాటతో గ్యాస్ సంగతి పక్కన పెట్టేయొచ్చు. గ్యాస్ తగ్గితే గాలి వెచ్చబడుతుంది తప్ప దారి మార్చుకోదు. మీ వ్యాన్‌లో గాలి దారి మారుతోంది, అదీ యాక్సిలరేటర్‌ను బట్టి మారుతోంది. అంటే వెంట్ల తలుపులను లాగిపట్టే వాక్యూమ్, అదే ఇంజిన్ గాలి పీల్చే లాగుడు, ఎక్కడో కారిపోతోంది. మీ ఆయన స్పానర్ పట్టగలిగితే ఇది చాలావరకు ఇంట్లో తేలే పనే. డాష్‌బోర్డ్ విప్పే మాట చివర్న చూద్దాం. ముందే అక్కడ మొదలుపెడితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అవుతుంది.

నాన్నగారి సలహాను తప్పు పట్టలేం. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఈ తలుపులను ఎక్కువగా కేబులే తిప్పుతుంది. మీరు నాబ్ తిప్పితే లోపల ఒక తీగ కదులుతుంది, అంతే. అక్కడ ఏసీ ఫిర్యాదు అంటే నూటికి తొంభై సార్లు గ్యాస్ గురించే మాట్లాడతారు. మీ ఈ-150 అలా కాదు. నాబ్ వెనక తీగ ఉండదు, రంగురంగుల సన్నటి గొట్టాలు ఉంటాయి. ఇంజిన్ పీల్చే గాలి లాగుడును ఆ గొట్టాల్లోంచి పంపించి, రేకు డబ్బాల్లాంటి చిన్న వాక్యూమ్ మోటార్లతో తలుపులు తిప్పుతారు. వాటిని మోటార్లంటారు గానీ కరెంటుతో పనిలేదు. లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. వాక్యూమ్ అందితే పొర కడ్డీని లాగుతుంది, తలుపు ముఖం వైపు తెరుచుకుంటుంది. వాక్యూమ్ పోతే స్ప్రింగు తలుపును వెనక్కి తోసేస్తుంది.

వెనక్కి అంటే ఎక్కడికి? అద్దానికీ, కొంత కాళ్ల దగ్గరికీ. ఇది కావాలని చేసిన ఏర్పాటు. వానలోనో చలిలోనో గొట్టం తెగినా అద్దం మీద ఆవిరి తుడవడానికి డీఫ్రాస్ట్ మాత్రం పనిచేయాలని అలా పెట్టారు. ఆగస్టులో మీకు చికాకుగా ఉండొచ్చు గానీ, ఏర్పాటు మంచిదే.

ఇక యాక్సిలరేటర్ సంగతి. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అంటే ఐడిల్ మీద, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) దాదాపు మూసి ఉంటుంది, సిలిండర్లు గాలి కోసం గట్టిగా లాగుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్‌లో ఐడిల్ మీద వాక్యూమ్ గేజ్ పెడితే పాదరసం లెక్కన 17 నుంచి 21 అంగుళాల దాకా చూపిస్తుంది. రాంప్ మీద పూర్తిగా తొక్కితే థ్రాటిల్ బార్లా తెరుచుకుంటుంది, ఆ లాగుడు దాదాపు సున్నాకు పడిపోతుంది. ఇది ప్రతి ఇంజిన్‌లోనూ జరిగేదే. మరి కొత్త వ్యాన్‌లో గాలి ఎందుకు ఆగదు? ఎందుకంటే దారిలో రెండు వస్తువులు కాపలా ఉంటాయి. ఒకటి వాక్యూమ్‌ను నిలవ పెట్టే ప్లాస్టిక్ డబ్బా, కొన్ని మోడళ్లలో నల్లటి బంతిలా ఉంటుంది. రెండోది చెక్ వాల్వ్. ఇంజిన్ లాగుతున్నంతసేపు తెరుచుకుని, లాగుడు తగ్గగానే మూసుకుపోతుంది. ఊళ్లో బోరింగు పంపులో వాషరు అరిగితే కొట్టడం ఆపగానే నీళ్లు కిందికి జారిపోయేవి గుర్తుందా, ఇక్కడ జరుగుతున్నదీ అదే. వాల్వ్ పట్టకపోయినా, డబ్బా పగిలినా, దాని తర్వాత ఎక్కడైనా గొట్టం చిట్లినా నిలవ ఉండదు. ఐడిల్ మీద ఇంజిన్ గట్టిగా లాగుతుంది కాబట్టి ఆ కారేదాన్ని కూడా కప్పిపుచ్చుతుంది. తొక్కగానే బండారం బయటపడుతుంది. ఈ మధ్య ఎక్కువైందన్నారంటే చిల్లు పెద్దదవుతోందన్నమాట.

ఆ షాపువాళ్లు గ్యాస్ తక్కువ అనుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉందని నా అనుమానం. మ్యాక్స్ ఏసీలో పెట్టినప్పుడు వ్యాన్ లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిని ఆపే ఆ తలుపు కూడా వాక్యూమ్‌తోనే మూసుకుంటుంది. వాక్యూమ్ పోతే అది తెరుచుకుని, 98 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ఉన్న హ్యూస్టన్ గాలి నేరుగా లోపలికి వస్తుంది. అంత వేడి, అంత తేమ ఉన్న గాలిని ఒక్క దెబ్బకు చల్లబరచడం ఏ ఏసీకైనా కష్టమే. కాబట్టి చల్లదనం తగ్గినట్టు అనిపించడం నిజమే, దానికి గ్యాస్ బాధ్యత మాత్రం కాదు. అద్దం బయట మసక కూడా ఈ లెక్కే. డీఫ్రాస్ట్‌లో ఉన్నప్పుడు కూడా ఈ వ్యాన్లో కంప్రెసర్ నడుస్తుంది, ఆ చల్లగాలి అద్దానికి తగిలి అద్దం చల్లబడుతుంది, బయటి తేమ దాని మీద నీటి బొట్లుగా పేరుకుంటుంది. అది లోపలివైపు కాదు గనక గుడ్డతో తుడిచి లాభం లేదు, వైపర్ ఒకసారి తిప్పాలి. రిపేరు అయ్యేదాకా రాంప్ ఎక్కేముందు టెంపరేచర్ నాబ్ కొంచెం వేడి వైపు తిప్పి, బ్లోయర్ తగ్గించండి, మసక తగ్గుతుంది. చెమట పడుతుంది, నిజమే, కానీ ఎదుటి లారీ కనపడటం ముఖ్యం.

పని మొదలుపెట్టేముందు బ్రేక్ చూడండి, ఇది వాయిదా వేయొద్దు. బ్రేక్ బూస్టర్ కూడా చాలా బండ్లలో ఇదే ఇంజిన్ వాక్యూమ్ మీద బతుకుతుంది. ఇంజిన్ ఆపి, పెడల్‌ను ఐదారుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే పెడల్ మీద ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. స్టార్ట్ అవ్వగానే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకుండా రాయిలా ఉంటే ఏసీ గొడవ పక్కన పెట్టి వ్యాన్‌ను మెకానిక్ దగ్గరికి పంపండి, మీరు నడపొద్దు. దిగితే నిశ్చింతగా ముందుకెళ్దాం. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోందేమో కూడా గమనించండి. పీ0171, పీ0174 కోడ్లు గనక ఉంటే ఇంజిన్‌లోకి లెక్కలేని గాలి ఎక్కడినుంచో దూరుతోందని అర్థం. ఏసీ గొట్టం సన్నది కాబట్టి అదొక్కటే ఈ కోడ్లు తెప్పించడం అరుదు. 5.4 ఇంజిన్‌లో ఇన్‌టేక్ (గాలి లోపలికి పోయే భాగం) వెనక వంకర తిరిగిన పీసీవీ రబ్బరు మోచేయి ఒకటి ఉంటుంది, ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ ఇంజిన్‌లోకే పంపే గొట్టం అది, అది మెత్తబడి పగలడం మామూలే. దాన్ని కూడా ఒకసారి వేళ్లతో నొక్కి చూడమనండి.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి పనిముట్టు అక్కర్లేదు, మీ చెయ్యి చాలు. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్లోయర్ గట్టిగా పెట్టి, నాబ్ మ్యాక్స్ ఏసీలో ఉంచండి. మధ్య వెంట్ ముందు అరచెయ్యి పెట్టుకోండి. ఒక నిమిషం తర్వాత ఇంజిన్ ఆపి, వెంటనే తాళం మళ్లీ ఆన్ దాకా తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. బ్లోయర్ తిరుగుతూ ఉంటుంది. సిస్టమ్ బిగుతుగా ఉంటే గాలి చాలాసేపు మీ అరచేతికే తగులుతుంది. చెయ్యి మీద గాలి రెండు మూడు సెకన్లలో తగ్గి, డాష్‌బోర్డ్ లోపల ‘టప్’మని తలుపు పడిన చప్పుడు వచ్చి, అద్దం దగ్గర కాగితం ముక్క ఎగిరిందంటే నిలవ లేదని ఖాయం. మీ వర్ణన బట్టి ఇదే జరుగుతుంది. ఇక కారుతున్నది ఇంజిన్ వైపా, డాష్‌బోర్డ్ వైపా అన్నదే మిగిలింది.

ఆ చప్పుడు చెప్పారు కదా, దాన్ని వాడుకుందాం. ఇంజిన్ ఐడిల్ మీద ఉంచి, బ్లోయర్ పూర్తిగా తగ్గించి, రేడియో ఆపి, నాబ్‌ను ఒక్కో స్థానంలో పెడుతూ వినండి. డీఫ్రాస్ట్‌లో పెడితే ఆగిపోయి, ముఖం వైపు పెట్టగానే మొదలైతే, నాబ్ దాటాక ముఖం తలుపుకు పోయే గొట్టంలోనో దాని మోటార్‌లోనో చిల్లు ఉంది. డీఫ్రాస్ట్‌లో ఆ తలుపులకు వాక్యూమ్ అక్కర్లేదు, అందుకే చప్పుడు ఆగుతుంది. ఒక్క మ్యాక్స్‌లో మాత్రమే వినపడితే బయటి గాలి తలుపు తాలూకు గొట్టాన్ని అనుమానించండి. ఎక్కడ పెట్టినా ఆగకుండా వస్తుంటే నాబ్ వెనకున్న ప్లగ్గో, నాబ్ దాకా వచ్చే నల్ల గొట్టమో. ఫోర్డ్ వాళ్లు ఇంజిన్ నుంచి వచ్చే గొట్టానికి మామూలుగా నలుపే వాడారు, తలుపులకు పోయేవి వేరే రంగుల్లో ఉంటాయి. డాష్‌బోర్డ్ లోపల చప్పుడు వినపడినంత మాత్రాన ఇంజిన్ వైపు చెక్ వాల్వ్ మంచిదని కాదు సుమా. ఇరవై ఏళ్లు దాటిన వ్యాన్‌లో రెండు చోట్లా కారడం వింతేం కాదు. అందుకే తేలికగా చేరుకునే వైపు నుంచి మొదలుపెట్టమంటాను.

ఈ వ్యాన్‌లో ఇంజిన్ సగం బానెట్ కింద, సగం మీ ఇద్దరి సీట్ల మధ్య ఉన్న పెద్ద మూత కింద ఉంటుంది. అమెరికాలో మెకానిక్‌లు దాన్ని ‘డాగ్‌హౌస్’ అంటారు. ముందు బానెట్ ఎత్తి కనిపించినంత మేర చూడండి, ప్యాసింజర్ వైపు గోడ దగ్గర నుంచి క్యాబిన్‌లోకి దూరే సన్నటి నల్ల గొట్టాన్ని పట్టుకుని రెండు వైపులా వెతుక్కుంటూ పోండి. ఒక వైపు ఆ నిలవ డబ్బా, చెక్ వాల్వ్ తగులుతాయి, చివరకు ఇంజిన్ మీదికి చేరుతుంది. చివరి భాగం కనపడకపోతే డాగ్‌హౌస్ మూత తీయాల్సిందే. సీట్లు వెనక్కి జరిపి, కప్పులు పెట్టుకునే ట్రే తీసి, మూతను పట్టి ఉంచిన బోల్టులు, క్లిప్పులు విప్పితే వెనక్కి లాగి తీయొచ్చు. బరువుంటుంది, ఇద్దరూ పట్టుకోండి. అంచున ఉన్న రబ్బరు సీలు చిరగనీయొద్దు, ఇంజిన్ వేడీ పొగా లోపలికి రాకుండా ఆపేది అదే.

మూత తీసి ఇంజిన్ నడిపేటప్పుడు మాత్రం వ్యాన్ ఆరుబయట ఉండాలి. గరాజ్ తలుపు తెరిచే ఉంది కదా అని లోపల నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. చున్నీ, పైట, గొలుసు, పొడుగు చేతుల చొక్కా వద్దు, ఫ్యానూ బెల్టూ చేతికి అందేంత దగ్గరగా తిరుగుతుంటాయి. పిల్లలను ఇంట్లో ఉంచండి.

వినడానికి ఒక చిట్కా. మూడడుగుల రబ్బరు గొట్టం ముక్క తీసుకుని ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను గొట్టాల వెంట మెల్లగా జరపండి. చిల్లు దగ్గరికి రాగానే ఆ చప్పుడు చెవిలో ఊదినట్టు వినిపిస్తుంది. కార్బ్ క్లీనర్ చల్లి ఇంజిన్ శబ్దం మారుతుందేమో చూడమని చాలామంది చెబుతారు. వేడెక్కిన ఎగ్జాస్ట్ పక్కన, మూత తీసిన వ్యాన్‌లో మంటంటుకునే ద్రవం చల్లడం నాకు నచ్చదు, మీరు చేయొద్దు. ఎక్కువగా పోయేది గొట్టం మధ్యలో కాదు, చివర్ల దగ్గర. గట్టి ప్లాస్టిక్ గొట్టం రబ్బరు మోచేతిలోకి దూరే చోట రబ్బరు సాగిపోయి వదులవుతుంది, లేదా ఎండి బీటలు వారుతుంది. చేత్తో కొంచెం వంచి చూడండి. కొన్ని వంచగానే పటుక్కున విరిగి చేతిలోకి వస్తాయి. బాధపడొద్దు, వెతుకుతున్నది దొరికినట్టే. చెక్ వాల్వ్‌ను తీసి నోటితో ఊదితే ఒక వైపు నుంచి గాలి పోవాలి, ఇంకో వైపు నుంచి అస్సలు పోకూడదు. రెండు వైపులా పోతే చెత్తబుట్టలో వేయండి. దాని మెడ దగ్గర వెంట్రుకంత పగులు ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి, అది కంటికి ఆనడం కష్టం.

కంటితో తేలకపోతే చేతి వాక్యూమ్ పంపు కావాలి. చిన్న తుపాకీలా ఉంటుంది, మీద గేజ్ ఉంటుంది. కొనక్కర్లేదు, మీ దగ్గరి పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తారు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కిస్తారు. ఇంజిన్ ఆపి, నాబ్ మ్యాక్స్ ఏసీలో ఉంచి, చెక్ వాల్వ్ దగ్గర క్యాబిన్ వైపు పోయే గొట్టాన్ని పీకి పంపుకు తగిలించండి. 18 అంగుళాల దాకా లాగి ఒక నిమిషం ముల్లు చూడండి. కదలకపోతే లోపలంతా బాగుంది, తప్పు వాల్వ్‌దో ఇంజిన్ వైపుదో. పడిపోతుంటే డబ్బాను విడదీసి ఒక్కదాన్నే లాగి చూడండి, తర్వాత క్యాబిన్‌లోకి పోయే గొట్టాన్ని ఒక్కదాన్నే. ఇలా ఒక్కో ముక్క విడదీసుకుంటూ పోతే ఎక్కడ నిలవట్లేదో అక్కడ ఆగుతారు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరైనా డాష్‌బోర్డ్ విప్పుతానంటే నేనైతే ఒప్పుకోను.

బాగుచేయడం చిన్న పని. ఎండిన చివరను కోసేసి, ప్లాస్టిక్ గొట్టం కంటే కాస్త సన్నటి రంధ్రం ఉన్న కొత్త వాక్యూమ్ రబ్బరు గొట్టం ముక్కతో అతకాలి. దుకాణంలో అడుగుల లెక్కన అమ్ముతారు. పాత ముక్క వెంట తీసుకెళ్లి సైజు పోల్చుకోండి. టేపు చుట్టడం, ఫెవిక్విక్ లాంటి గమ్ పూయడం వద్దు. ఆ ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి నాలుగు రోజుల్లో మొదటికొస్తుంది. కొత్త చెక్ వాల్వ్ పెట్టేటప్పుడు ఏ వైపు ఇంజిన్‌కు పోవాలో దాని మీదున్న గుర్తు చూసి పెట్టండి, తిరగేసి పెడితే వెంట్లు అసలే పనిచేయవు. నేనైతే వాల్వ్, రబ్బరు మోచేతులు అన్నీ ఒకేసారి మార్చేస్తాను. అన్నీ కలిపినా ఒక ట్రే పులిహోర ఖరీదు కూడా కాదు.

ఇంజిన్ వైపు అంతా బిగుతుగా ఉందనీ, క్యాబిన్ గొట్టమే నిలవట్లేదనీ తేలితే అప్పుడు నాబ్ దగ్గరికి రావాలి. రేడియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ తీసి, కంట్రోల్ ప్యానెల్ స్క్రూలు విప్పి ముందుకు లాగితే వెనక గొట్టాలన్నీ ఒకే ప్లగ్గులోకి వెళ్తూ కనిపిస్తాయి. విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి కాబట్టి బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి కాసేపాగి మొదలుపెట్టండి. ప్లగ్గు ఊడదీసి, ఒక్కో రంగు గొట్టానికి పంపు తగిలించి లాగి చూడండి. నల్లది తప్ప మిగతావన్నీ ఒక్కో మోటార్‌కు పోతాయి కాబట్టి ముల్లు నిలవాలి. అన్నీ నిలిచాయంటే తప్పు నాబ్ స్విచ్‌దే. లోపలి సీళ్లు గట్టిపడి కారుతుంటాయి. దీనికి కొత్తది వెతకడం కంటే, మీరే స్పానర్లు పట్టుకెళ్లి విప్పుకునే జంక్‌యార్డులు నయం. ఈ వ్యాన్లను ఫోర్డ్ 2014 దాకా చేసింది, కొరియర్ వాళ్లూ ప్లంబర్లూ వాడి పారేసినవి కుప్పలుగా పడి ఉంటాయి. 2009లో డాష్‌బోర్డ్ మారిపోయింది కాబట్టి అంతకు ముందు మోడళ్లనే చూసి, ప్లగ్గులో గొట్టాల వరస మీదాంతో సరిపోతేనే తెచ్చుకోండి.

ఒకే ఒక్క రంగు గొట్టం నిలవకపోతే అది పోయే మోటార్ పొర చిరిగిందో, దారిలో గొట్టం నలిగిందో. కొన్ని మోటార్లు గ్లోవ్‌బాక్స్ దించితే, కొన్ని కింద నుంచి పడుకుని చెయ్యి పెడితే అందుతాయి. అందని చోట ఉంటేనే డాష్‌బోర్డ్ కథ. అప్పుడు కూడా షాపుకు వెళ్లి ‘ఏసీ సరిగా రావట్లేదు’ అని చెప్పొద్దు. ‘ఫలానా రంగు గొట్టం వాక్యూమ్ నిలపట్లేదు, నాబ్ దగ్గర పరీక్షించాం’ అని చెప్పండి. మాట మారితే బిల్లు కూడా మారుతుంది.

మీ ఆయనకు మధ్యలో ఒక ఆలోచన రావొచ్చు, ఇంజిన్ గొట్టాన్ని నేరుగా ముఖం తలుపు మోటార్‌కు కలిపేస్తే సరిపోదా అని. గాలి ముఖానికి వస్తుంది, నిజమే. కానీ డీఫ్రాస్ట్ పోతుంది. జనవరిలో పొద్దున్నే వాన పడుతున్నప్పుడు, వెనక వేడివేడి సాంబారు గిన్నెల ఆవిరితో అద్దం మొత్తం మూసుకుపోతే ఏం చేస్తారు? ఆ పని వద్దు. కారుతున్నది మ్యాక్స్ తలుపు గొట్టం ఒక్కటే అయితే మాత్రం దాని మూతికి గోల్ఫ్ టీ (గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న మేకులాంటిది) ఒకటి బిగించి తాత్కాలికంగా నడపొచ్చు. మిగతావన్నీ మామూలుగా పనిచేస్తాయి, బయటి గాలి ఆగదంతే.

ఇలాంటి పాత వ్యాన్లే ఉన్న ఇంకొందరు కూడా అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. గాలి రావలసిన చోటికే వస్తూ వేడి, చల్లదనం మాత్రం మారకపోతే అది టెంపరేచర్ తలుపు గొడవ. డాష్‌బోర్డ్‌లో టకటకమని గడియారంలా కొట్టుకుంటే దాన్ని తిప్పే చిన్న కరెంటు మోటార్‌లో పళ్లు అరిగాయన్నమాట. బ్లోయర్ ఒక్క హై స్పీడ్‌లోనే తిరిగితే రెసిస్టర్ పోయింది. ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిస్తే ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది. వీటికీ వాక్యూమ్‌కూ సంబంధం లేదు. డీజిల్ ఇంజిన్ అయితే ఐడిల్ లాగుడు అనేదే ఉండదు, వాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది, ముందు దాన్ని చూడాలి.

అడగకపోయినా ఒక మాట. కార్గో వ్యాన్‌లో వెనక వెంట్లు ఉండవు, ముందు ఏసీ ఎంత బాగున్నా వెనకున్న ట్రేల దాకా చల్లదనం చేరదు. పెరుగన్నం, రైతా, రసమలై లాంటివి 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు లోపల ఉండాలి, బిర్యానీ, కూరలు 140కి పైన ఉండాలి. మధ్యలో రెండు గంటలు దాటకూడదు, 90 దాటిన ఎండలో అయితే గంటే. రిపేరు సంగతి ఎలా ఉన్నా పెరుగన్నం ఐస్ పెట్టిన కూలర్‌లోనే వెళ్లాలి.

చివరగా ఆ పట్టించిన గ్యాస్. తూకం చూడకుండా పైపైన కలిపి ఉంటే ఎక్కువై ఉండొచ్చు. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కు కూడా మంచిది కాదు. వెంట్లు బాగయ్యాక ఇంజిన్ పది నిమిషాలు నడిపి, మ్యాక్స్ ఏసీలో, కిటికీలు మూసి, వంటింట్లో మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటర్‌నే మధ్య వెంట్‌లో దూర్చి చూడండి. దాదాపు 45 నుంచి 55 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య చూపిస్తే మీ హ్యూస్టన్ తేమకు అది బాగా పనిచేస్తున్నట్టే, గ్యాస్ జోలికి వెళ్లొద్దు. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే లైసెన్సున్న షాపుకు వెళ్లి, ఉన్న గ్యాసంతా మెషీన్‌లోకి లాగి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన బరువు ప్రకారం తూచి నింపమని అడగండి. బజార్లో దొరికే క్యాన్లు కొని ఇంకాస్త కలపనివ్వకండి, నాన్నగారు ఎంత చెప్పినా సరే.